కేకు ఇంటికి పాలు పొంగించిన రోజు

పగ పెట్టుకోవడం మంచిది కాదని మా పాదిరయ్య ఆదివారం ఆదివారం చెప్పేవాడు. నేను ముందు వరుసలో కూర్చుని బుద్ధిగా వినేదాన్ని. మెట్లు దిగేలోపు మర్చిపోయేదాన్ని. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. పండ్లు పోయాయి, మోకాళ్ళు పోయాయి, నిన్న తిన్న కూరేమిటో గుర్తుండదు. మా బోర్డింగు మేట్రనమ్మ మీద పగ మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె పోయి ఎన్నో ఏండ్లయింది. అయినా సరే.

యుద్ధం జరుగుతున్న రోజులవి. చిత్తూరులో ఆడపిల్లల మిషను బోర్డింగులో మా అమ్మ వంటమనిషి. నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. బోర్డింగుకు పెద్ద దొరసాని. ఆమె బంగళాలో ఉండి వారానికొకసారి వచ్చిపోయేది. రోజూ జరిగే పెత్తనమంతా మేట్రనమ్మది. మేట్రనమ్మ మన మనిషే, పుత్తూరు దగ్గర పుట్టింది. గంజి పెట్టిన తెల్లచీర, బొడ్డులో తాళాల గుత్తి. దొరసాని ముందు వెన్నపూస లాంటి గొంతు. మా దగ్గరికి వచ్చేసరికి అదే గొంతు కారం దంచేది.

చక్కెర కార్డు మీద తప్ప దొరకని కాలం. బోర్డింగులో మాకు రాగిసంగటి, నంజుకోను ఊరుబిండి, పండగనాడు బెల్లం పాయసం. చక్కెర చూసి నెలలయ్యేది. క్రిస్మసుకు మాత్రం దొరసాని ఎక్కడెక్కడో అడిగి పెద్ద జాడీ నిండా చక్కెర, ఒక మూట మైదాపిండి, వెన్న, గుడ్లు పంపించేది. వాటిని మేట్రనమ్మ కొట్టుగదిలో పెట్టి తాళం వేసేది. అమ్మ వాటితో కేకు చేసేది. పెద్ద డేక్సాలో అడుగున ఇసుక పోసి, లోపల గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పరిచి కాల్చేది. ఎప్పుడు నిప్పులు తీయాలో వాసన పట్టి చెప్పేది. ఆ పని ఆ ఊళ్ళో ఆమెకు తప్ప ఇంకొకరికి రాదని దొరసానే అనేది.

ఆ సంవత్సరం సరుకు కొట్టుగదికి చేరిన వారానికే, డిసెంబరు మొదట్లో, మేట్రనమ్మ తన అక్క కూతురి నిశ్చితార్థానికి నగరి పోయింది. జట్కా ఎక్కేటప్పుడు రెండు మూటలు పైకి అందించింది నేనే. అవి ఎంత బరువున్నాయో నా చేతులకు తెలుసు. చీరలేమో అనుకున్నాను. నాలుగు రోజుల తరువాత తిరిగొచ్చింది. వచ్చిన మరునాడు మధ్యాహ్నం, మేము పళ్ళేలు పట్టుకుని వరుసలో నిలబడి ఉండగా, చక్కెర జాడీని వంటింటి గడప మీదికి తెప్పించి మూత తీసింది. జాడీలో సగం కూడా లేదు.

"యాడికి పోయింది చక్కెర?" అంది.

"నాకేం తెల్సునమ్మా. తాళం మీ దగ్గరే కదా ఉండేది," అంది అమ్మ.

"తాళముంటే ఏమి, కిటికీ ఉండాది. కొంగు దులుపు."

అమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు చూసింది. నలభైమంది పిల్లలం నిలబడి ఉన్నాం. అమ్మ కొంగు విప్పి, అందరి ముందూ దులిపింది. రాలింది రెండు ఆవగింజలు. మేట్రనమ్మ అంతటితో ఊరుకోలేదు. నడుము దగ్గర దోపుకున్న కుచ్చెళ్ళు కూడా విదిలించమంది. అమ్మ విదిలించింది. ఏమీ రాలేదు. "అంటే ముందే దాటించినావన్నమాట," అంది మేట్రనమ్మ. "దొంగదానివి. ఈపొద్దే బయటికి నడువు."

అమ్మ ఏడ్చి ఉంటే నేను ఇంత పగ పెంచుకునేదాన్ని కాదేమో. ఆమె ఏడవలేదు. కొంగు మళ్ళీ దోపుకుని నెమ్మదిగా చెప్పింది. "నేను దొంగను కాదని మీ నోటితోనే చెప్పే దినం వచ్చేదాకా నా నోట్లో తీపి పెట్టనమ్మా. సక్కెర లేదు, బెల్లం లేదు." చెప్పి తన మూట సర్దుకుంది.

దొరసానికి మేట్రనమ్మ ఏం చెప్పిందో, ఆమె నమ్మింది. నన్ను మాత్రం తండ్రి లేని పిల్లనని బోర్డింగులో ఉండనిచ్చింది. అమ్మ సంత వెనక సందులో ఒక గది తీసుకుంది. వంటపని కోసం నాలుగిళ్ళు తిరిగింది. ఆమె చేతి వంట ఎరిగినవాళ్ళే తలుపు సగం తీసి మాట్లాడారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు. వంటమనిషికి చెయ్యెంత ముఖ్యమో పేరూ అంతే ముఖ్యం. దొంగని ఎవరు వంటింట్లోకి రానిస్తారు? చివరికి ఒక ఇంటి పెరట్లో వడ్లు దంచే పని దొరికింది. ఆదివారం నేను చూడబోతే చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ముందర చప్పటి కాఫీ ఉంది. "నువ్వు సదువుకో. నోరెత్తద్దు," అంది. నోరెత్తనని చెప్పాను. నోరెత్తకుండా చేసే పనులు చాలా ఉంటాయి.

క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు మేట్రనమ్మ ఒక సంగతి ప్రకటించింది. ఈసారి మామూలు కేకు కాదు, ఇంటి ఆకారంలో కేకు. దొరసానికి వాళ్ళ దేశం నుంచి వచ్చిన ఒక కార్డు మీద అలాంటి ఇల్లు ఉందట. తానే స్వయంగా చేస్తుందట. పండగ ముందురోజు సాయంత్రం దొరసాని, పాదిరయ్య, ఊళ్ళో పెద్దవాళ్ళ ఇండ్ల ఆడవాళ్ళు చూడటానికి వస్తారట. నాకు నవ్వొచ్చింది. మేట్రనమ్మ పాలు కాస్తే అడుగంటేది. అమ్మ లేకుండా ఈమె కేకెలా కాలుస్తుంది?

కాల్చింది నేను చూడలేదు. కాలిన వాసన కూడా రాలేదు. పండగ ముందురోజు పొద్దున తన గదిలోంచి తెల్లగుడ్డ కప్పి ఒక చెక్కపలక మీద ఇల్లు తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టింది. గుడ్డ తీస్తే నిజంగానే ఇల్లు. నాలుగు గోడలు, వాలు కప్పు, మీద పొగగొట్టం. గుడ్డు తెల్లసొనలో చక్కెర కలిపిన పూతతో అంతా తెల్లగా మెరుస్తోంది. చిన్నపిల్లల్ని ఆరుగురిని, వాళ్ళ మీద నన్ను అలంకరించడానికి పెట్టింది. ముగ్గు వేయడంలో నాకు మంచి చెయ్యి. పప్పులు, బొరుగులు, ఎండుద్రాక్ష, రంగు సోంపు, కలకండ ముక్కలు పళ్ళెంలో పోసింది. "గట్టిగా అదమద్దండి. పైపైన అతికించండి. ఎవరన్నా నాకినారంటే నాలిక కోస్తా," అని పోయింది.

కార్డు మీద ఇంటి కప్పంతా మంచు. మా పిల్లలకు మంచేమి తెలుసు? "ఇంటి మీద పెరుగన్నం ఏమిటికి పోసినారక్కా?" అని ఒకతె. కాదు, దూది ఆరబెట్టుకున్నారని ఇంకొకతె. వాళ్ళకు అది కేకు కాదు, ఇల్లే. ఇంటి ముందు బొరుగులతో అరుగు కట్టారు. నేను రంగు సోంపుతో ముగ్గు పెట్టాను. ఇంటికి ఆవు ఎక్కడ కట్టేస్తారు అని పెద్ద చర్చ జరిగింది. ఆవు ఉంటే పేడ ఉంటుంది కదా అని, పక్కగోడకు ఎండుద్రాక్షలు వరుసగా అతికించి పిడకలు కొట్టారు. నేను వద్దనలేదు. దొరసాని కార్డులో లేనివాటిలో నాకు అదే బాగుంది.

ఆ పిడకలు కొట్టేటప్పుడే జరిగింది. అందరిలోకీ చిన్నది, ముందు పండ్లు ఊడిన ఐదేండ్ల పిల్ల, ఒక ద్రాక్షను బొటనవేలితో గట్టిగా అదిమింది. పిడక ఎలా కొట్టాలో వాళ్ళమ్మ దగ్గర చూసింది పాపం. పూత పెచ్చు ఊడి కింద పడింది. వెనక కేకు లేదు. ఆకుపచ్చగా ఏదో మెరిసింది. నేను గోటితో కొట్టి చూశాను. టంగుమంది.

అది డబ్బా. దొరసాని బంగళాకు సముద్రం మీద బిస్కెట్లు వచ్చే పెద్ద రేకు డబ్బా. దాని మీద ఇంకో రేకు వంచి కప్పులాగా పెట్టి, పైన వేలెడు మందాన కూడా లేని చక్కెర పూసింది. పొగగొట్టం గిల్లి చూశాను, అదొక్కటే కేకు. పండగనాడు దొరసాని కోసేది ఆ పొగగొట్టమే. మిగతాది పిల్లలకు పంచుతానని లోపలికి ఎత్తుకుపోతే అడిగేదెవరు? పిల్లలు అడుగుతారా? జాడీలో తగ్గిన చక్కెర, మైదా, వెన్న నగరిలో నిశ్చితార్థం విస్తళ్ళలో ఎప్పుడో అయిపోయాయి. ఆ మూటల బరువు ఇంకా నా చేతుల్లో ఉంది.

నాకు కోపం రాలేదు. సంతోషం కలిగింది. అంత సంతోషం నాకు పెళ్ళప్పుడు కూడా కలగలేదు.

పెచ్చు మళ్ళీ అతికించి, దాని మీద ద్రాక్ష పెట్టి కూర్చున్నాను. దొరసానితో చెబితే? దొంగ కూతురి మాట ఎవరు వింటారు. ఇల్లు నిలబడటానికి లోపల రేకు పెట్టానని మేట్రనమ్మ వెన్నపూస గొంతుతో చెబితే చాలు. అందరూ చూస్తుండగా ఆ ఇల్లే తన గుట్టు విప్పుకోవాలి. ఎట్లా అని ఆలోచిస్తూ ఉంటే ఆ పండ్లూడిన పిల్లే దారి చూపింది.

"అక్కా, కొత్తిల్లు కదా. పాలు పొంగియ్యరా?"

వాళ్ళ నాయన ఇండ్లు కట్టే మేస్త్రీ. ఇల్లు పూర్తయితే ముందు పాలు పొంగించాలని, లేకపోతే ఆ ఇంట్లో సంసారం నిలవదని ఆ పిల్లకు బాగా తెలుసు. మా క్రైస్తవుల ఇండ్లల్లో కూడా చాలామంది పాలు పొంగించి, తరువాతే పాదిరయ్యను పిలిచేవాళ్ళు. మేట్రనమ్మకు తెలిస్తే అన్యాచారం, క్రీస్తును నమ్మనివాళ్ళ పని అని చంపేస్తుంది.

"పొంగిద్దాం," అన్నాను. "దొరసానమ్మ వచ్చినాక. అంతదాకా ఎవురికీ చెప్పద్దు."

"గడప కాడే కదా పొంగించేది?"

"మన ఇండ్లకు గడప కాడ పొంగితే సాలు. ఇది దొరల ఇల్లు. పొంగిన పాలు ఇంటి నెత్తిన పొయ్యాల."

ఆలోచించి ఆడిన మొదటి అబద్ధం నాకు అదే. పిల్లలు పూర్తిగా నమ్మారు.

సాయంత్రం నాలుగింటికి అందరూ వచ్చారు. హాల్లో కుర్చీలు వేశారు. మేము పాట పాడాం. దొరసాని ఇంటి చుట్టూ తిరిగి చూసి ముచ్చటపడింది. పిడకల గోడ దగ్గర ఆగి, "ఇవి కిటికీలా?" అంది. పెద్దింటి ఆడవాళ్ళు నోరు మూసుకుని నవ్వారు. మేట్రనమ్మ చేతులు కట్టుకుని, "ఈ కరువు దినాల్లో ఉన్నదాంతో చేసినామమ్మా," అంది. అప్పుడు నేను ముందుకు వెళ్ళి, "దొరసానమ్మా, కొత్తింటికి మా వాడుక ఒకటి ఉండాది. చిన్నబిడ్డలు చెయ్యాలని ఆశపడతా ఉండారు," అన్నాను. పాలు పొంగించడం గురించి చెప్పాను. నెత్తిన పోసే సంగతి చెప్పలేదు.

మేట్రనమ్మ మొహం మాడింది. "అదంతా అన్యాచారమమ్మా, వద్దు," అంది. దొరసాని చెయ్యెత్తి ఆపింది. "చేయనివ్వండి. పిల్లలు కదా. చాలా బాగుంది," అంది తన ముక్కు తెలుగులో. ఇక మేట్రనమ్మ నోరు మెదపడానికి లేదు.

కుంపటి తెచ్చి బల్ల మీద, ఇంటి గడప ముందు పెట్టాను. అమ్మ వంటింట్లో వదిలిపోయిన చిన్న ఇత్తడి చెంబులో పాలు పోసి దాని మీద ఉంచాను. అందరూ మెడలు సాచి చూస్తున్నారు. పాలు పొంగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. పండ్లూడిన పిల్ల గుడ్డతో చెంబు పట్టుకుని, నేను ఎత్తుకుంటే, ఇంటి నెత్తిన మొత్తం కుమ్మరించింది.

ముందు కప్పు మీది మంచు కరిగి జారింది. పొగగొట్టం పక్కకు ఒరిగి అరుగు మీద పడింది. గోడలు తెల్లగా కారిపోయాయి. పిడకలు ఒక్కొక్కటీ జారి ముగ్గులోకి దిగాయి. ఆకుపచ్చ రేకు బయటపడింది. దాని మధ్యలో, డబ్బా మీద అచ్చేసిన ఎర్ర గుర్రం, ముందుకాళ్ళు ఎత్తి నిలబడి ఉంది.

"ఇంట్లో గుర్రముండాది," అని పిల్లలు గంతులు వేశారు. వేడిపాలు పడి ఆ పిల్ల రెండు వేళ్ళు ఎర్రగా కందాయి. ఈ మొత్తం కథలో నాకు పశ్చాత్తాపమంటూ ఉంటే ఆ రెండు వేళ్ళకే.

దొరసాని ఆ గుర్రాన్ని గుర్తుపట్టింది. ఆ డబ్బా ఆమెదే. లేచి వచ్చి, చేతికి పాలు అంటుతున్నా పట్టించుకోకుండా, కప్పు పైకి తీసింది. లోపల చిత్తుకాగితాలు. ఒక కాగితం తీసి మడత విప్పి చూసింది. "చక్కెర ఎక్కడ?" అంది.

ఎవరూ మేట్రనమ్మను అడగలేదు. ప్రశ్న గాలిలోనే ఉంది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆమే ముందుకొచ్చి, "వంటమనిషి దొంగిలించిందని చెప్పినాను కదమ్మా," అంది.

నా చంకలో ఉన్న పిల్ల వేళ్ళు నోట్లో పెట్టుకుని చీకుతూ ఉంది. వేళ్ళు తీసి చెప్పింది. "వంటమ్మ కొంగులో ఏమీ లేదు దొరసానమ్మా. దులిపి సూపిచ్చింది. ఆవాలే పడినాయి."

పాదిరయ్య దగ్గాడు. పెద్దింటి ఆడవాళ్ళు చీరలు సర్దుకున్నారు. దొరసాని మేట్రనమ్మను "లోపలికి రండి" అంది, అంతే. ఆ గందరగోళంలో బల్ల మీద పడిన తెల్ల పెచ్చులు, పాలు తగలని మంచివి ఏరి, నేను పావడాలో మూట కట్టుకున్నాను. మా ఇంట్లో ఎవరైనా చక్కెర దొంగిలించారంటే అది నేనే, ఆ రోజే.

మరునాడు పండగ. దొరసాని మనిషిని పంపి, పొరపాటు జరిగింది, పనిలోకి రమ్మని అమ్మకు కబురు పెట్టింది. నేను ఎగురుకుంటూ వెళ్ళి పావడా మూట విప్పి, "తినమ్మా, నింద పోయింది," అన్నాను. అమ్మ పెచ్చుల్ని చూసింది. "దొరసానమ్మ నన్ను దొంగనలేదు. ఆ మాట అన్నామె ఎనక్కి తీసుకోనీ," అని వాటిని ఒక చిన్న డబ్బాలో పోసి మూత పెట్టింది.

అన్నామె రెండో రోజు మా సందులోకే వచ్చింది. గంజి లేని చీర కట్టుకుని ఉంది. సత్యవేడు అవతల ఏదో పల్లెకు మార్చేశారట. పీట మీద కూర్చుని, "నువ్వు ఒక్క మాట సెప్తే దొరసానమ్మ నన్ను ఈడ్నే ఉంచుతుంది. మనలో మనం ఒకరికొకరం కావాల," అంది. నేను తలుపు పక్కన నిలబడి పటపటా పండ్లు కొరుకుతున్నాను. వెళ్ళగొడుతుందేమో, ఒక్క తిట్టు తిడుతుందేమో అని అమ్మ మొహం చూస్తున్నాను. అమ్మ కాఫీ కాచింది. డబ్బా మూత తీసి, ఇంటి పెచ్చులు రెండు వేసి కలిపి, ఆమె చేతికి లోటా ఇచ్చింది. తనకు చప్పటిది పోసుకుంది.

"సెప్తానమ్మా," అంది అమ్మ. "ముందు మీరు ఒక మాట సెప్పండి. నేను దొంగను కాదని. గట్టిగా అక్కర్లేదు. నాకూ నా బిడ్డకూ ఇనపడితే సాలు."

మేట్రనమ్మ లోటాలోకి చూసింది. పెదవులు కదిలాయి. ఎంత చిన్న మాట అది. "అయిందేదో అయిపోయింది," అంది చివరికి.

"కాఫీ తాగండి, సల్లారిపోతాది," అంది అమ్మ. ఆమె తాగింది. "తీపి సరిపోయిందా?"

"సరిపోయింది."

"మీ ఇంటి గోడేనమ్మా అది."

తేలు కుట్టిన దొంగ ఎట్లా ఉంటుందో నేను ఆ రోజు చూశాను. ఆమె మిగతా కాఫీ కూడా చివరిదాకా తాగి, లోటా కింద పెట్టి, వెళ్ళిపోయింది. అమ్మ దొరసానికి ఆ ఒక్క మాట చెప్పలేదు.

పగ తీర్చుకున్నానని నేను చాలా ఏండ్లు గర్వపడ్డాను. నాది ఒక సాయంత్రపు పని. అసలు పని అమ్మ చేసింది. బోర్డింగు వంటింట్లో మళ్ళీ చేరి, ప్రతి క్రిస్మసుకూ కేకు కాల్చి, ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు. ఎక్కడికి వెళ్ళినా అంతే. పెళ్ళిలో పాయసం వద్దంటే పక్కవాళ్ళు ఊరుకోరు కదా, ఏమిటికి వద్దంటావని అడుగుతారు. అడిగితే అమ్మ చెప్పేది. జాడీ, కొంగు, రెండు ఆవగింజలు, డబ్బా, గుర్రం అన్నీ చెప్పేది. మేట్రనమ్మ పేరు, ఇంటిపేరు, ఊరు, ఎవరి కూతురో, ఎవరి కోడలో అన్నీ. తిరుపతిలో ఒక పెళ్ళిలో, పలమనేరులో ఒక చావింట్లో, రైల్లో ఎదురు బల్ల మీద కూర్చున్న ఎవరికో. మేట్రనమ్మ కొడుక్కి పిల్లను చూడబోతే, అవతలివాళ్ళు ముందు వేసిన ప్రశ్న "ఆ చక్కెరామె మీరేనా?" అని. ఆ సంగతి తెలిసిన రోజు అమ్మ చప్పటి కాఫీ రెండు లోటాలు తాగింది. "ఒక్క మాట, ఇప్పుడు సెప్పినా ఆపేస్తా," అనేది. ఆ మాట రాలేదు.

ఇక్కడ ఆ పేరు నేను రాయడం లేదు. మంచితనం వల్ల కాదు. అమ్మ చెప్పాల్సినంతమందికి చెప్పేసింది.

ఇరవై ఏడేండ్ల తరువాత అమ్మ ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఉంది. తిండి పోవడం లేదు. ఒక చిన్న వయసు నర్సు చెంచాతో ఏదో తాగించబోయింది. అమ్మ పెదవులు బిగించింది.

"ఏముండాది అందులో?"

"గ్లూకోజమ్మా. తియ్యగా ఉంటుంది, తాగండి."

అమ్మ కళ్ళు తెరిచింది. మాట మాటకూ ఆగి, ఊపిరి తీసుకుని, మొదటి నుంచీ చెప్పింది. పేరు, ఇంటిపేరు, ఊరు. నర్సు చెంచా పట్టుకుని అంతా విన్నది. విని, చెంచా పక్కన పెట్టి, మామూలు నీళ్ళు తెచ్చింది. అమ్మ తాగింది.